క్రైస్తవంలో విశ్వాసమూ సత్క్రియలూ: గుంటూరు, ఒంగోలు సీమల సాక్ష్యం

మోక్షానికి ఆధారం విశ్వాసమా, సత్క్రియలా? క్రైస్తవ మతంలో ఈ ప్రశ్న దాదాపు రెండు వేల సంవత్సరాలుగా చర్చకు వస్తూనే ఉంది. మన ప్రాంతంలో ముస్లింలకూ క్రైస్తవులకూ మధ్య మతం గురించిన సంభాషణ సాగినప్పుడల్లా ఇది ఏదో ఒక రూపంలో ముందుకు వస్తుంది. “నమ్మితే చాలని మీరంటారు, ఇక మంచి పనులెందుకు?” అని మనవాళ్ళు అడుగుతారు. “మీరు పుణ్యాలు లెక్కపెట్టుకుంటారు, దేవుని కృపకు తావెక్కడ?” అని వాళ్ళు అడుగుతారు. రెండు ప్రశ్నలూ ఎదుటివారి మతాన్ని ఒక్క వాక్యానికి కుదించినవే. ఒక జనసమూహం పట్ల మనకున్న వైరం మనల్ని న్యాయం తప్పేటట్లు చేయకూడదని దివ్య ఖుర్ఆన్ ఐదవ సూరా ఆదేశిస్తుంది. పొరుగువారి నమ్మకాన్ని వర్ణించేటప్పుడు కూడా ఈ ఆదేశం వర్తిస్తుందని వేరే చెప్పనక్కరలేదు.

సత్తెనపల్లి ప్రాంతంలో ఉన్నవారు ఈ ప్రశ్నను పరిశీలించడానికి జర్మనీ దాకా, రోము దాకా పోనవసరం లేదు. సత్తెనపల్లి లూథరన్ మిషన్ కేంద్రాలలో ఒకటి. దగ్గరలోని ఫిరంగిపురం పాత కథోలిక కేంద్రం. దక్షిణాన ఒంగోలు సీమ అమెరికన్ బాప్టిస్టులది. విశ్వాసం, సత్క్రియల విషయంలో ఐరోపాలో పరస్పరం వాదించుకున్న శాఖలు పత్తి, మిరప పండే ఈ మైదానంలో ఇరుగుపొరుగున స్థిరపడ్డాయి. పైగా 1876–78 నాటి ధాత కరువు ఈ ప్రశ్నను పండితుల చేతుల్లోంచి తీసి ఆకలితో ఉన్న జనం మధ్య పెట్టింది. ఆ చరిత్రను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గ్రంథంలో ఉన్న ప్రశ్న

మర్యమ్ కుమారుడైన ఈసా (అలైహిస్సలాం) అనుచరుల మొదటి తరంలోనే ఈ వివాదం పుట్టింది. తొలి విశ్వాసులందరూ యూదులు. తరువాత యూదేతరులు చేరడం మొదలైంది. వారు సున్తీ చేయించుకోవాలా, తౌరాత్‌లోని ఆహార నియమాలు పాటించాలా అన్నది తేల్చవలసి వచ్చింది. అవసరం లేదన్నాడు పౌలు. ధర్మశాస్త్ర క్రియల మూలంగా కాక విశ్వాసం మూలంగా మనిషి దేవుని ఎదుట నీతిమంతుడవుతాడని రోమీయులకు, గలతీయులకు రాసిన లేఖలలో ఆయన వాదించాడు. దీనికి ఇబ్రాహీం (అలైహిస్సలాం)ను సాక్ష్యంగా తెచ్చాడు. సున్తీ ఆజ్ఞ రాకముందే, దేవుని వాగ్దానాన్ని నమ్మినందుకు, ఆయన నీతిమంతుడిగా ఎంచబడ్డాడన్నది పౌలు వాదం.

యాకోబు పేరిట ఉన్న లేఖ అదే ఇబ్రాహీం (అ)ను తెచ్చి వేరొక మాట చెబుతుంది. కుమారుణ్ణి అర్పించడానికి సిద్ధపడిన ఆ క్రియలోనే ఆయన విశ్వాసం పూర్ణమైందని అంటుంది. బైబిలు ప్రకారం ఆ కుమారుడు ఇస్‌హాఖ్. ఆ భేదం ఇక్కడి చర్చకు సంబంధించినది కాదు. యాకోబు లేఖ ఒక ఉదాహరణ కూడా ఇస్తుంది. కూడూ గుడ్డా లేని సోదరుడు ఎదుట నిలిస్తే, చేతికి ఏమీ ఇవ్వకుండా చల్లగా ఉండమని దీవించి పంపడం వల్ల ఏం ప్రయోజనమని ప్రశ్నిస్తుంది. ఈ ఉదాహరణను పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. కరువు నాటి ఒంగోలులో అది అక్షరాలా ఎదురైంది.

పౌలు, యాకోబు ఒకరినొకరు ఖండిస్తున్నారా? ఇద్దరూ ‘క్రియ’ అన్నప్పుడు ఏ క్రియను ఉద్దేశిస్తున్నారో చూస్తే చిక్కు కొంత విడుతుంది. పౌలు మనసులో ప్రధానంగా ఉన్నవి ఒక జాతిని మరో జాతి నుంచి వేరుచేసే ఆచారాలు: సున్తీ, ఆహార నియమాలు, పండుగ దినాలు. యాకోబు మనసులో ఉన్నది అన్నం పెట్టడం, బట్ట ఇవ్వడం. తెలుగు బైబిలు అనువాదకులు రెండుచోట్లా ‘క్రియలు’ అనే మాటనే వాడారు. ఆ మాట తెలుగువారి చెవికి రెండు దిక్కులా పలుకుతుంది. అపరక్రియలు అంటే కర్మకాండ, సత్క్రియ అంటే మేలు. పౌలు వద్దన్నది మొదటి దానికి దగ్గర, యాకోబు కావాలన్నది రెండవది. ప్రేమ ద్వారా పనిచేసే విశ్వాసమే లెక్కకు వస్తుందని గలతీయుల లేఖలో పౌలు కూడా అంటాడు. అంటే సత్క్రియ అక్కరలేదని ఆయన ఎక్కడా అనలేదు. సత్క్రియతో దేవుణ్ణి బాకీదారుగా చేసుకోలేమని మాత్రం అన్నాడు.

ఒక్క మాట మీద నడిచిన యుద్ధం

పదహారవ శతాబ్దంలో మార్టిన్ లూథర్ ఈ ప్రశ్నను తిరిగి రగిలించాడు. పాపపరిహార పత్రాలు డబ్బుకు అమ్ముడవుతున్న కాలమది. 1522లో ఆయన కొత్త నిబంధనను జర్మన్ భాషలోకి తెచ్చినప్పుడు, రోమీయుల లేఖ మూడవ అధ్యాయంలో విశ్వాసం పక్కన ‘మాత్రమే’ అనే అర్థమిచ్చే మాట చేర్చాడు. గ్రీకు మూలంలో ఆ మాట లేదని ప్రత్యర్థులు దుయ్యబట్టారు. 1530లో అనువాదం గురించి ఒక బహిరంగ లేఖ రాసి, జర్మన్ నుడికారం ఆ మాటను కోరుతుందని, పౌలు భావం కూడా అదేనని ఆయన సమర్థించుకున్నాడు. అనువాద వృత్తిలో ఉన్నవారికి ఈ వివాదం కొత్తగా అనిపించదు. లూథర్‌కు ఒక పూర్తి పదం కావలసి వచ్చిన చోట తెలుగులో ఒక్క ఏకారం చాలు. ‘విశ్వాసం వల్ల’ అనడానికీ, ‘విశ్వాసం వల్లనే’ అనడానికీ మధ్య ఐరోపాలో ఒక సంఘం రెండుగా చీలిపోయింది.

అయితే లూథర్ సత్క్రియలను కాదన్నాడా? 1520లోనే ఆయన సత్క్రియల గురించి ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశాడు. చెట్టు మంచిదైతే పండు మంచిదవుతుంది, పండువల్ల చెట్టు మంచిది కాదు అన్నది ఆయన పద్ధతి. యాకోబు లేఖను ఆయన తక్కువగా చూసిన మాట నిజమే, కానీ 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన ఇరవయ్యవ అధికరణం తమవారు సత్క్రియలను నిషేధిస్తున్నారన్న ఆరోపణను సూటిగా ఖండిస్తుంది. మరోవైపు 1547లో ట్రెంట్ మహాసభ ఆరవ సమావేశంలో కథోలిక సంఘం తన నిర్ణయం ప్రకటించింది. దేవుని కృప లేకుండా మనిషి తన క్రియలతో నీతిమంతుడు కాగలడన్న వాదాన్ని ఆ సభ మొట్టమొదటే తోసిపుచ్చింది. ఆ తరువాతే, విశ్వాసం ఒక్కటే చాలన్న వాదాన్నీ తోసిపుచ్చింది. కథోలికులు పుణ్యంతో మోక్షం కొంటారన్న మాట ఎంత తప్పో, లూథరన్లు పుణ్యం వద్దంటారన్న మాట కూడా అంతే తప్పు.

అసలు భేదం మరొక చోట ఉంది. దేవుడు పాపిని నీతిమంతుడని తీర్పు చెబుతాడని లూథర్ పక్షం నొక్కి చెప్పింది. అతణ్ణి నిజంగా నీతిమంతుడిగా మారుస్తాడని ట్రెంట్ నొక్కి చెప్పింది. తెలుగు క్రైస్తవ పరిభాషలో దీనికున్న మాట ‘నీతిమంతులుగా తీర్చబడుట’. ‘తీర్చు’ అన్న ధాతువులో తీర్పూ ఉంది, తీర్చిదిద్దడమూ ఉంది. రెండు పక్షాలూ శతాబ్దాల తరబడి విడదీసి వాదించిన అర్థాలను తెలుగు ఒకే మాటలో పట్టుకుంది.

మన చరిత్ర తెలిసిన పాఠకులకు ఇదంతా పూర్తిగా అపరిచితం కాదు. ఘోర పాపం చేసినవాడు విశ్వాసం నుంచే వెలివడ్డాడని ఖారిజీలన్నారు. విశ్వాసం ఉంటే పాపం ఆ విశ్వాసానికి హాని చేయదని ముర్జియాలలో తీవ్రవాదులన్నారు. ఈమాన్ వేరు, అమల్ వేరు అని, అమల్‌లో లోపమున్నవాడు కూడా మోమినేనని ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) వివరించారు. ఈమాన్ అంటే మాటా, క్రియా కూడా అని ఇమామ్ బుఖారీ (రహ్మతుల్లాహి అలైహి) నిలబడ్డారు. అయినా సత్కార్యం అనవసరమని ఈ ఇద్దరు ఇమాముల్లో ఎవరూ అనలేదు. రెండు మతాల చర్చలూ ఒకటేనని దీని భావం కాదు. క్రైస్తవుల చర్చకు కేంద్రం సిలువ మరణం, పాప పరిహారం. ఆ మూలాన్ని ఇస్లాం అంగీకరించదు. కానీ నమ్మకానికీ నడవడికకూ ఉన్న సంబంధాన్ని తేల్చడం ఎంత కష్టమో రెండు సముదాయాలకూ అనుభవమే.

గుంటూరులో లూథరన్లు

ఈ సిద్ధాంతం మన ప్రాంతానికి ఎలా వచ్చింది? జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1842 జూలై 31న గుంటూరు చేరాడు. ఆనాటి కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆయనకు ఆశ్రయమిచ్చాడు. 1832–33లో నందన నామ సంవత్సరపు కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టి అప్పటికి పదేళ్ళే. విశ్వాసం వల్లనే రక్షణ అని బోధించడానికి వచ్చిన హయ్యర్ మొదట చేసిన పనులలో బడులు తెరవడం ఒకటి. కొన్నాళ్ళకు అమెరికా తిరిగి వెళ్ళినప్పుడు, యాభై ఏళ్ళు దాటిన వయసులో వైద్యం చదివి పట్టా పుచ్చుకుని మళ్ళీ గుంటూరు వచ్చాడు. పల్నాడులో తిరిగాడు. కేవలం నమ్మమని చెప్పడానికైతే వైద్య పట్టా అవసరం లేదు.

మిషన్ యాజమాన్యాలు ఈ విషయంలో ఎప్పుడూ ఒకే మాట మీద లేవు. 1883లో గుంటూరు వచ్చిన అన్నా సారా కుగ్లర్ వైద్యురాలు. అయినా ఆమెను పంపినవారు మొదట వైద్యానికి పంపలేదు. స్త్రీల మధ్య సాధారణ మిషన్ సేవకే నియమించారు. వైద్యం సువార్త పనిలో భాగమా కాదా అన్నది వారికి ఇంకా తేలలేదు. ఆమె వెంట తెచ్చుకున్న పరికరాలతోనే రోగులను చూసింది. 1885లో గాని ఆమెను వైద్య మిషనరీగా అధికారికంగా నియమించలేదు. 1898లో గుంటూరులో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరుచుకుంది. ఆ తరువాత అది ఆమె పేరుతోనే కుగ్లర్ ఆసుపత్రిగా ప్రసిద్ధి పొందింది. పరదా పాటించే ముస్లిం స్త్రీలకు స్త్రీ వైద్యురాలు ఉండడం ఎంత ముఖ్యమో వివరించనక్కరలేదు. సత్క్రియ విశ్వాసానికి అనుబంధమా, అందులో అంతర్భాగమా అన్న ప్రశ్న ఇక్కడ ఒక నియామక పత్రం రూపంలో వచ్చింది. ఆ రెండేళ్ళలో దానికి జవాబు వెతికింది సిద్ధాంత గ్రంథాలు కాదు, ఆ వైద్యురాలి దగ్గరకు వచ్చిన రోగులు.

ఒంగోలులో మూడు నియమాలు

ఒంగోలు కథ ఇంకా కఠినమైనది. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లాలోకి, 1970లో నేటి ప్రకాశం జిల్లాలోకి వచ్చింది. జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ 1866లో అక్కడ స్థిరపడ్డాడు. మతబోధకు రాకముందు ఆయన అమెరికాలో భూమి కొలిచే సర్వేయరు. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘం మొదలైంది.

ఆ సంఘం పెరగడానికి కారకుడు క్లౌ కంటే ముందు యర్రగుంట్ల పేరయ్య. తాళ్ళకొండపాడుకు చెందిన మాదిగ. తోళ్ళ వ్యాపారం చేసేవాడు. అప్పటికే యోగ మార్గంలో గురువుల వద్ద ఉపదేశం పొంది, శిష్యులు కలిగిన వ్యక్తి. 1866లో ఆయన బాప్తిస్మం పొందాడు. ఆయనా, ఆయన భార్య నాగమ్మా తమ బంధువుల ఊళ్ళలో తిరిగి బోధించారు. ఆ బోధతో మాదిగ పల్లెలు గుంపులుగా కదిలాయి.

క్లౌ ఆ కొత్త క్రైస్తవులకు మూడు నియమాలు పెట్టాడు. ఆదివారం పనిచేయకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. విగ్రహారాధన చేయకూడదు. చూడడానికి ఇవి చిన్నవి. ఆనాటి పల్లె కట్టుబాటులో వాటి ధర చాలా పెద్దది. చచ్చిన గొడ్డును లాగడం, తోలు తీసి చెప్పులు, మోటకు తోలు బానలు కుట్టివ్వడం, జాతరలో డప్పు కొట్టడం, పిలిచినప్పుడు వెట్టికి రావడం మాదిగల బాధ్యతగా ఉండేది. దానికి బదులుగా కళ్ళంలో గింజలు దక్కేవి. ఆదివారం రామనడం, జాతర డప్పు మానడం అంటే ఆ ఏడు గింజలను వదులుకోవడమే. ఊరి పెద్దలకు ఆగ్రహం వచ్చింది. పల్లెల మీద ఒత్తిడి పెరిగింది.

ఇక్కడ ఒక విచిత్రం గమనించాలి. క్రియలతో నీతిమంతులు కారని బోధించే సంఘంలో ఎవరు విశ్వాసి అన్నది తేల్చడానికి మూడు క్రియలే కొలబద్ద అయ్యాయి. అవి కూడా మానివేయవలసిన క్రియలు. ఆహార నియమం, విశ్రాంతి దినం మళ్ళీ వచ్చాయి కదా, పౌలు కాదన్నది వీటినే కదా అని ఎవరైనా అడగవచ్చు. ఆ ఆక్షేపణలో బలముంది. కానీ పల్లెలో వాటి అర్థం వేరు. అవి మోక్షానికి చెల్లించిన రుసుము కావు. ఒక మనిషి ఇక ఎవరికి దాసుడో బయటికి తెలిపే గుర్తులు. నోటితో ఒప్పుకోవడానికి ఖర్చు లేదు. డప్పు కింద పెట్టడానికి ఖర్చు ఉంది. యాకోబు లేఖ అడిగినది ఇటువంటి రుజువునే.

ధాత కరువు, కాలువ పని

1876లో వానలు తప్పాయి. మద్రాసు రాజధాని అంతటా కరువు వ్యాపించింది. 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో కూలిని రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల గింజలకు, దానితోపాటు కొద్దిపాటి పైకానికి తగ్గించాడు. మట్టి మోసే మనిషికి అది చాలదని వైద్యాధికారి కార్నిష్ పోరాడాడు. తీరం వెంట సాగే కాలువ తవ్వకం, తరువాత బకింగ్‌హామ్ కాలువగా పేరు పొందినది, పెద్ద కరువు పనిగా మారింది.

క్లౌ తన పాత సర్వే విద్యను గుర్తుచేసుకుని ఆ కాలువలో మూడున్నర మైళ్ళ భాగాన్ని గుత్తకు తీసుకున్నాడు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. జనం శిబిరం వేసుకుని మట్టి తవ్వారు, కూలి పుచ్చుకున్నారు. పనికి రావడానికి మతం అడగలేదు. పగలు మేస్త్రీగా నిలబడిన బోధకుడే విశ్రాంతి వేళ వారి మధ్య కూర్చుని మాట్లాడేవాడు. ప్రయాసపడి భారం మోసేవారిని తన దగ్గరకు రమ్మన్న ఈసా పిలుపు ఆ శిబిరంలో ఎక్కువగా చెప్పుకున్నారని క్లౌ రాశాడు. గంప నెత్తిన పెట్టుకున్నవారికి ఆ మాటకు వ్యాఖ్యానం అవసరం లేకపోయింది.

అనేకులు బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. దాదాపు పదిహేను నెలలు బాప్తిస్మాలు నిలిపివేశాడు. గింజలు, పైకం తన చేతి మీదుగా నడుస్తున్నంత కాలం ఎవరు ఎందుకు వస్తున్నారో తనకూ, వచ్చేవారికీ కూడా తేటపడదన్నది ఆయన కారణం.

ఈ నిర్ణయంలో సిద్ధాంతం పాత్రను సాధారణంగా గుర్తించరు. బాప్తిస్మమే రక్షణకు ద్వారమని నమ్మే శాఖకు చెందినవాడైతే, జనం చనిపోతున్న కాలంలో దాన్ని నిలిపివేయడానికి అతని మనస్సాక్షి ఒప్పుకోదు. బాప్టిస్టుల దృష్టిలో రక్షణ విశ్వాసంతో కలుగుతుంది. బాప్తిస్మం ఆ విశ్వాసానికి బహిరంగ సాక్ష్యం మాత్రమే. కాబట్టి దాన్ని ఆపితే ఎవరి మోక్షమూ ఆగదు. మరోవైపు అన్నం ఆపితే ప్రాణం ఆగుతుంది. అందువల్ల అన్నం ముందు పెట్టి, బాప్తిస్మాన్ని వెనక్కు నెట్టడం ఆయనకు సాధ్యమైంది. ‘విశ్వాసం వల్లనే’ అన్న సిద్ధాంతం సత్క్రియను చిన్నబుచ్చుతుందని మనం అనుకుంటాం. ఇక్కడ అదే సిద్ధాంతం సత్క్రియను షరతుల నుంచి విడిపించింది. మతం అడగకుండా కూలి ఇచ్చారు. కూలి ఉన్నంత కాలం మతం ఇవ్వలేదు.

వెల్లంపల్లి రేవు

1878 జూన్‌లో క్లౌ తన బోధకులను ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లికి పిలిచాడు. బోధకులతో పాటు జనం కూడా వేలల్లో వచ్చారు. సహాయ నిధి ఇక లేదని, తన దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదని ఆయన చెప్పాడు. తమకు సహాయం అక్కరలేదని, మట్టి పని చేసి బొబ్బలెక్కిన చేతులే తాము కష్టపడి బతికామనడానికి సాక్ష్యమని, మళ్ళీ వానలు తప్పి చనిపోవలసి వస్తే క్రైస్తవులుగానే చనిపోతామని వారు జవాబిచ్చినట్లు ఆయన కథనం. ఇది మిషనరీ చెప్పిన కథనమన్నది మరువరాదు. ఆ జనం తమ చేత్తో రాసుకున్న చరిత్ర కాదు. అయినా ఆ జవాబులో ఒక మాట గట్టిది. మేము భిక్ష తినలేదు, పని చేశాము అన్న గౌరవం అందులో వినబడుతుంది.

బాప్తిస్మాలు తిరిగి మొదలయ్యాయి. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు రోజులలో మొత్తం 3,536 మంది గుండ్లకమ్మ నీళ్ళలో మునిగి లేచారు. జూలై 3న బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు చొప్పున వంతులవారీగా నీళ్ళలో నిలబడ్డారు. క్లౌ ఆ రోజు స్వయంగా ఎవరికీ ఇవ్వలేదు. ఆ సంఖ్య ప్రపంచమంతటా మిషన్ పత్రికలకెక్కింది. దానితోపాటు, ఇంత వేగం తగునా అన్న విమర్శ కూడా వచ్చింది.

క్లౌ 1910లో మరణించాడు. ఆయన అనుభవాలను ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ గ్రంథస్థం చేసింది. ఆ పుస్తకం 1914లో వెలువడింది. మాదిగల జీవితం మీద ఆమె 1899లోనే ఒక పుస్తకం ప్రచురించింది. ఆమె సోదరుడు వాల్టర్ రౌషెన్‌బుష్ అమెరికాలో ‘సామాజిక సువార్త’ ఉద్యమానికి ప్రధాన చింతకుడు. కార్మికుని కూలి, ఇల్లు, ఆరోగ్యం కూడా సువార్త పరిధిలోనివేనని ఆయన 1907 నాటి గ్రంథం వాదించింది. ఒంగోలు పల్లెలలో అప్పటికే ముప్పై ఏళ్ళ నాడు ఆచరణలో ఎదురైన ప్రశ్న అమెరికా నగరాలలో సిద్ధాంతంగా రూపుకట్టింది.

‘కూటి కోసం కలిసినవాళ్ళు’

ఈ చరిత్ర ఎంత చెప్పినా ఒక ఎత్తిపొడుపు నేటికీ పోలేదు. వీళ్ళు కూటి కోసం మతం మార్చుకున్నవాళ్ళు అన్నదే అది. దాన్ని మూడు విధాలుగా పరిశీలించాలి.

మొదటిది, పైన చూసినట్లు, ఒంగోలులో గింజలకూ బాప్తిస్మానికీ మధ్య ఉద్దేశపూర్వకంగా ఎడం పెట్టారు. ప్రతి మిషనూ అన్నిచోట్లా ఇంత జాగ్రత్త పడిందని చెప్పలేం. కానీ పడిన చోటును గుర్తించకపోవడం అన్యాయం.

రెండవది, మేలు పొంది మనసు తిరగడం నేరమా? జకాత్ పంచవలసిన ఎనిమిది వర్గాలలో హృదయాలను దగ్గర చేసుకోవలసినవారు ఒక వర్గమని తొమ్మిదవ సూరా చెబుతుంది. ఇస్లాం బలపడిన తరువాత హజ్రత్ ఉమర్ (రజియల్లాహు అన్హు) అటువంటివారికి ఆ వాటా ఇవ్వడాన్ని వ్యతిరేకించారు. ఆ వాటా కాలం తీరిందని హనఫీ పండితులు నిర్ణయించారు. మేలుకూ నమ్మకానికీ మధ్య సంబంధం ఉంటుందనీ, ఆ సంబంధానికి ఒక హద్దు కూడా ఉండాలనీ మన చరిత్రే ఒప్పుకుంటోంది. ఆకలి వేళ అన్నం పెట్టిన చేతిని చూసి, ఆ చేతిని నడిపిన నమ్మకమేమిటని అడిగినవాణ్ణి ఎగతాళి చేసే హక్కు మనకు ఎక్కడిది?

మూడవది, లెక్క తిరగబడింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని విస్తరించారు. క్రైస్తవులైన మాల, మాదిగలకు అది వర్తించలేదు. అంటే ఈ మైదానంలో ఒక కుటుంబం కాగితం మీద తన విశ్వాసాన్ని ఉన్నదున్నట్లు రాసుకుంటే దక్కేది లాభం కాదు, నష్టమే. అయినా ఆదివారం గుళ్ళు నిండుతూనే ఉన్నాయి. కూటి కోసమే అయితే ఈ లెక్క కుదరదు.

ముగింపు

1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్ నగరంలో ప్రపంచ లూథరన్ సమాఖ్య, కథోలిక సంఘం నీతిమంతులుగా తీర్చబడుట విషయంలో ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. మన యోగ్యత వల్ల గాక కృప వల్ల దేవుడు మనల్ని అంగీకరిస్తాడనీ, ఆ కృపే సత్క్రియలకు మనల్ని సిద్ధం చేస్తుందనీ రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. మిగిలిన భేదాలు పరస్పర బహిష్కారానికి కారణం కానక్కరలేదని కూడా ఒప్పుకున్నాయి. 2006లో మెథడిస్టులు, 2017లో సంస్కృత సంఘాల సమాఖ్య దానితో ఏకీభవించారు. గుంటూరు లూథరన్లు మొదటి సమాఖ్యకు చెందినవారు. ఫిరంగిపురం రెండవ పక్షానిది. వారి పూర్వీకుల వివాదం ఆ మేరకు సద్దుమణిగింది.

దీన్నిబట్టి క్రైస్తవ సిద్ధాంతాన్ని మనం అంగీకరించవలసి ఉందని కాదు. సిలువ గురించీ, కుమారత్వం గురించీ మన సమాధానం మనకు ఉంది, దాన్ని దాచనక్కరలేదు. కానీ ఆ సమాధానం చెప్పేముందు వారి మాటను సరిగ్గా వినాలి. క్రైస్తవం సత్క్రియలను కాదనదు. మోక్షానికి వాటిని వెలగా కట్టడాన్ని మాత్రమే కాదంటుంది. ఈ సూక్ష్మ భేదం పుస్తకాలలో చదివితే మాటల గారడీలా కనిపించవచ్చు. కరువు కాలంలో గుండ్లకమ్మ ఒడ్డున దాని అర్థం తేటతెల్లంగా ఉండేది: ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడానికి అతని నమ్మకం అడగకూడదు, అతని నమ్మకాన్ని ఆ అన్నంతో కొనకూడదు. ఈ రెండు మాటలనూ ఒకేసారి పాటించడం ఏ మతస్థులకైనా కష్టమే. జకాత్ సొమ్ము పంచే మన సంఘాలకు కూడా ఇది పరీక్షే. ఆ పరీక్ష నెగ్గినవారు ఎక్కడ కనబడినా, వారు ఏ మతస్థులైనా, ఉన్న మాట ఉన్నట్లు చెప్పడం సాక్ష్యమిచ్చేవారి విధి.